హస్తవాసి గల పిల్ల

వసుమతి తీసిన లాట్ వేసిన గుంటలు ఈసారి కూడా తెల్లగానే ఉండిపోయాయి.

దేదీప్య ప్లేటును కిటికీ కేసి ఎత్తి పట్టుకుంది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ప్లేటు, దాని నిండా కందిగింజ పట్టేటంత చిన్న చిన్న గుంటలు, ఒక్కో గుంటలో కంటికి ఆనని కణాలు. పై వరసలో తను నవంబరులో తీసిన పాత లాట్, అంటే ఆ విడత తీసిన సరుకు, వేసింది. ఆ వరసంతా రోజ్ మిల్క్ రంగుకి తిరిగి కళకళలాడుతోంది. కింది వరసలో వసుమతి పోయిన నెల తీసిన కొత్త లాట్. అదే చైనా వేరు, అదే బస్తాలోది, అదే పద్ధతి. రంగు మాత్రం మంచినీళ్ళ రంగు.

"రాలేదుటే?" అని వెనకనుంచి వసుమతి అడిగింది.

"లేదక్కా."

"నిజం చెప్పు, కాస్తయినా?"

దేదీప్య ప్లేటు ఆవిడ చేతికిచ్చింది. వసుమతి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ప్లేటు కింద తెల్లకాగితం పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. పెళ్ళిచూపుల్లో పిల్ల రంగు చూస్తున్నట్టు చూస్తావేంటక్కా అని మామూలు రోజైతే దేదీప్య అనేది, ఆవిడా పకపకా నవ్వేది. ఇవాళ ఇద్దరికీ నవ్వు రాలేదు. బయట ఏప్రిల్ వచ్చినా వదలని మిషిగన్ మంచు పార్కింగ్ లాట్ అంచున మురికి గుట్టలుగా పడి ఉంది.

ఆ వేరును ఆస్ట్రాగలస్ అంటారు. జబ్బుపడి లేచిన మనిషికి చైనావాళ్ళు వందల ఏళ్ళుగా కషాయం కాచి ఇచ్చే వేరు. దాన్ని వేడినీళ్ళలో ఉడికించి, వడగట్టి, ఆల్కహాల్ పోస్తే అడుగున తెల్లగా జిగురు పేరుకుంటుంది. పాలీశాకరైడ్లు, అంటే గొలుసుల్లా అల్లుకున్న పెద్ద చక్కెరలు. ఆ జిగురు తగిలితే రోగాలతో పోట్లాడే కణాలు నిద్ర లేస్తాయని కంపెనీ నమ్మకం. లేచాయనడానికి సాక్ష్యం ఆ గులాబీ రంగు. రంగు వస్తే క్యాప్సూల్, క్యాప్సూల్ వస్తే కంపెనీ, కంపెనీ ఉంటే దేదీప్య వీసా.

కంపెనీ అంటే పెద్దదేం కాదు. ట్రాయ్‌లో ఒక టైర్ల షాపు వెనక, అద్దెకు తీసుకున్న షెడ్డు. యజమాని ధర్మారావు కార్ల రంగుల కంపెనీలో పాతికేళ్ళు కెమిస్టుగా చేసి బయటికి వచ్చాడు. "కార్లకి రంగులేసినవాడు కణాలకి వెయ్యలేడా" అని తన మీద తనే జోకు వేసుకుంటాడు. చుట్టుపక్కల తెలుగు సంఘానికి ఆయనే ప్రెసిడెంటు. దేదీప్య కొత్తగా చేరినప్పుడు అద్దె ఇల్లు దొరికేదాకా వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉంది. వాళ్ళావిడ పప్పు, చారు డబ్బాల్లో పెట్టి పంపేది. సర్ అని పిలిస్తే ఆయన నొచ్చుకునేవాడు. "సర్ ఏంటమ్మా, అంకుల్ అను" అన్నాడు. అలా అన్నప్పట్నించీ ఆయన్ని ఏదైనా అడగాలంటే దేదీప్యకి మరీ కష్టమైపోయింది. సర్‌ని అడిగినట్టు అంకుల్‌ని అడగలేం కదా.

ధర్మారావు చేతులు తుడుచుకుంటూ ల్యాబ్‌లోకి వచ్చాడు. "ఏమ్మా, వచ్చిందా?"

"లేదంకుల్. మూడోసారీ అంతే."

ఆయన ప్లేటు తీసుకుని చూసి, పై వరస మీద ఆప్యాయంగా వేలితో తట్టాడు. గొంతు పెంచే మనిషి కాదు ఆయన. "చూశారా వసుమతి గారూ. పద్ధతి ఒకటే, పదార్థం ఒకటే. ఈ పిల్ల చేస్తే రంగొచ్చింది, మీరు చేస్తే రాలేదు. దీన్నే మనవాళ్ళు హస్తవాసి అన్నారు. మా తాతగారు మందులిచ్చేవారు. అదే చూర్ణం ఆయన చేత్తో ఇస్తే జ్వరం దిగేది, కాంపౌండర్ ఇస్తే దిగేది కాదు."

"సర్, దేదీప్య రాసిచ్చింది చూసుకుంటూనే చేశాను," అంది వసుమతి. "ఒక్క మెట్టు కూడా దాటలేదు."

"దాటకపోతే రంగేదండీ?"

ధర్మారావు ప్లేటు బల్ల మీద పెట్టి, దాన్ని అంచుకి సమంగా జరిపాడు. "శుక్రవారం డాక్టర్ కార్సన్ వస్తున్నారు. తన కాన్సర్ పేషెంట్ల మీద మన క్యాప్సూల్ స్టడీ పెట్టాలా వద్దా అని ఆవిడ ఆ రోజు తేల్చేస్తారు. ఈ రెండో లాట్ సంగతి ఆవిడకి నేను ఏదో ఒకటి చెప్పుకోవాలి. మీరు శుక్రవారం మధ్యాహ్నంలోపు మీ సామాను సర్దుకోండి. మనసులో పెట్టుకోకండి, మా ఇంటికి ఎప్పట్లాగే వస్తూ పోతూ ఉండండి."

ఉద్యోగం లోంచి తీసేస్తూ పేరంటానికి పిలిచినట్టు పిలిచి వెళ్ళిపోయాడు.

దేదీప్య అప్పటిదాకా, కడిగిన బీకరునే మళ్ళీ కడుగుతూ నిలబడింది. ఒక్క మాట అనాలి అనుకుంది. ఇంకోసారి చేసి చూద్దామంకుల్, పాపం అక్క ఎంత జాగ్రత్తగా చేస్తుందో నేను చూశాను, అని. అనలేదు. ఆ మాటకి బదులు గుండెల్లో, ఛీ అనిపించేలా, ఒక చల్లని నెమ్మది వచ్చి కూర్చుంది. పోయేది తను కాదు. లాయర్ పంపిన హెచ్-వన్ పిటిషన్ కాగితాలు ఆయన బల్ల మీద సంతకం కోసం పడి ఉన్నాయి. లాటరీలో పేరు రావడమే గగనం. వచ్చింది. జూన్‌తో ఓపీటీ, చదువయ్యాక పనిచేసుకోవడానికి ఇచ్చే గడువు, అయిపోతుంది. సంతకం గురించి అడిగినప్పుడల్లా "చేద్దాంలేమ్మా, అవి ఎక్కడికి పోతాయి" అంటాడు. వాష్‌రూమ్‌కి వెళ్ళే దారిలో ఆయన గది అద్దంలోంచి ఆ కాగితాల కట్ట ఉందో లేదో చూసుకోవడం ఆమెకి అలవాటైపోయింది.

వసుమతి స్టూలు మీద కూర్చుంది. గుంటూరు నుంచి డాక్టరేటు పట్టుకుని వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన మనిషి. "ఇన్నేళ్ళు ఉప్మాలు చేశాక దొరికిన ఉద్యోగమే ఇది. దీన్నీ ఉప్మా చేశానంటున్నారు," అంది. నవ్వబోయి, కళ్ళద్దాలు తీసి కొంగు కోసం వెతుక్కుంది. ల్యాబ్ కోటుకి కొంగెక్కడుంటుంది? మోచేత్తోనే తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం దేదీప్య కొత్త ప్లేటు పెట్టింది. వసుమతి లాట్‌ని వదిలిపెట్టకుండా పుస్తకంలో ఉన్న పరీక్షలన్నీ చేసి చూద్దామనుకుంది. మోతాదు పెంచి ఒక వరస, మరిగించి ఒక వరస, పాలిమిక్సిన్ కలిపి ఒక వరస. పక్కనే పోలిక కోసం తన లాట్ కూడా అన్ని విధాలా వేసింది. అక్కకి సాయం చేస్తున్నానని తనకి తను చెప్పుకుంది. నిజానికి, నేను చెయ్యగలిగింది చేశాను అని తర్వాత అనుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అది ఆమెకీ తెలుసు.

మర్నాడు పొద్దున రంగు తేల్చే చుక్కల మందు వేసి నిలబడింది. రంగు తేలడానికి ఎక్కువసేపు పట్టదు. వసుమతి లాట్ ఎలా వేసినా తెల్లగానే ఉంది. తన లాట్ మామూలుగా వేసిన చోట గులాబీ, మరిగించిన చోటా గులాబీ. పాలిమిక్సిన్ కలిపిన చోట తెలుపు.

పొరపాటున వరస తప్పి చూస్తున్నానేమో అని ప్లేటు తిప్పింది. మళ్ళీ లెక్కపెట్టింది. తెలుపే.

పాలిమిక్సిన్ చేసేది ఒకటే పని. చచ్చిన బ్యాక్టీరియా గోడలనుంచి రాలే విషం ఉంటుంది, దాన్ని పట్టుకుని కట్టిపడేస్తుంది. వేరు జోలికి అది పోదు. ఆ రంగు వేరు వల్ల వచ్చినదే అయితే పాలిమిక్సిన్ వేసినా ఉండాలి. పోయిందంటే, ఇన్నాళ్ళూ కణాలు లేచి కూర్చున్నది వేరు చలవ వల్ల కాదు. తన లాట్‌లో ఎక్కడో బ్యాక్టీరియా పెరిగింది. వడకడితే బ్యాక్టీరియా పోతుంది గానీ దాని విషం పోదు. ఆ విషానికి కణాలు బెదిరిపోయాయి. ఆ బెదురునే అందరూ బలమనుకున్నారు.

మరి వసుమతి లాట్‌లో ఏ లోపమూ లేదు. శుభ్రంగా ఉంది కాబట్టే రంగు రాలేదు.

దేదీప్య చుట్టూ చూసింది. ల్యాబ్‌లో ఎవరూ లేరు. ప్లేటును రెండు టవల్ కాగితాల్లో చుట్టి, ల్యాబ్ చెత్త వేసే ఎర్రసంచీ డబ్బాలో అడుక్కి తోసి, పైన వాడేసిన గ్లవ్స్ పడేసింది. అప్పుడే ధర్మారావు గొంతు వినిపించింది. ఆమె తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది.

"దేదీప్యా, కోల్డ్ రూమ్ కాస్త సర్దిపెడతావా తల్లీ. శనివారం ఉగాది ఫంక్షన్‌కి బొబ్బట్ల ట్రేలు ఇప్పుడే వచ్చాయి. మా ఫ్రిజ్‌లో పట్టి చావవు."

కోల్డ్ రూమ్ తలుపు తీయగానే చలి మొహాన కొట్టింది. అల్యూమినియం ట్రేలు, మామిడికాయల పెట్టెలు, వేప్పువ్వు పొట్లాలు గడప దగ్గర పేర్చి ఉన్నాయి. లోపల అరల మీద బకెట్లు. బకెట్ల నీళ్ళలో సన్నటి గొట్టాల్లాంటి సంచులు తేలుతున్నాయి. వేరు జిగురు ఆ సంచుల్లో ఉంటుంది, అక్కర్లేని సన్నపదార్థమంతా నీళ్ళలోకి ఊరి పోతుంది. రెండు రోజులు ఊరాలి, చల్లగా ఊరాలి. దేదీప్య ట్రేలకి చోటు చెయ్యడానికి మొదటి బకెట్ చెవి పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఆగిపోయింది.

దీపావళికి కూడా ఇలాగే జరిగింది. పులిహోర ట్రేలు, గులాబ్‌జామ్ డబ్బాలు. "ఆ బకెట్లు వీకెండ్‌కి బయట పెట్టమ్మా, ఏం కాదు" అని ఆయన అంటే తనే పట్టుకెళ్ళి హీటర్ పక్క మూలన పెట్టింది. సోమవారం వచ్చి చూస్తే సంచులు చేతికి జారుతున్నాయి. జిగురు ఆ వేరు గుణమే కదా అనుకుంది. కడిగి, వడకట్టి, ఎండబెట్టి, లాట్ అని పేరు పెట్టింది. అదే హస్తవాసి.

ఈసారి బకెట్లు బయట పెట్టలేదు. ట్రేలనే వంకర టింకరగా, ఒకదాని మీద ఒకటి ఇరికించింది.

సాయంత్రం అపార్ట్‌మెంట్‌లో కృతి ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తింది. కరీంనగర్ పిల్ల, నోవైలో ఒక కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తుంది, ఏదీ కడుపులో దాచుకోదు. "ఏందే, మొహం గట్ల పెట్టినవ్? లే ఆఫ్ ఆ?"

దేదీప్య షూస్ కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని చెప్పింది. చెప్తుంటే తనకే అది ఇంకెవరి సంగతో లాగా అనిపించింది.

"అంటే నీ రిజల్ట్ ఫేక్ అన్నట్టా?"

"ఫేక్ కాదే. నేను కావాలని చెయ్యలేదు."

"కావాలని చేసినవా లేదా అని ఎవడడుగుతడు? పిటిషన్ సైన్ అయ్యిందా?"

"లేదు."

"అయితే నోరు మూస్కొని కూసో. ఫైల్ అయినంక, అప్రూవల్ వచ్చినంక, అక్టోబర్‌ల స్టేటస్ మారినంక అప్పుడు చెప్పు. ఇప్పుడు చెప్తే ఏమైతది? ఆయన విత్‌డ్రా చేస్తడు, గ్రేస్ పీరియడ్ అయిపోతది, టికెట్ కొనుక్కొని ఇంటికి పోతవ్. అంతే."

"వసుమతి అక్కని తీసేస్తున్నారే."

"ఆమెకేమైతది? వాళ్ళాయనకి గ్రీన్ కార్డ్ ఉంది. ఇంకోటి దొరుకుతది." కృతి కొంచెం మెత్తగా అంది, "నాకు తెల్సు, మంచిగ లేదు. మంచిగ లేకపోతే ఏం చేస్తం మరి? మనదేమన్న మన చేతుల ఉందా?"

కృతి మళ్ళీ కాల్‌లోకి వెళ్ళిపోయింది. దేదీప్య అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. మింగలేక కక్కలేక అంటారే, అది ఇంత అక్షరాలా నిజమని ఆమెకి ఆ పూటే తెలిసింది. కార్సన్ పేషెంట్లు ఆ క్యాప్సూల్ మింగుతారు. మింగాక ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ పరీక్ష చేస్తారు. చేసిన రోజున తన పేరే బయటికి వస్తుంది. అప్పుడు వీసా ఒక్కటే కాదు, ఇంకే ల్యాబూ గుమ్మం ఎక్కనివ్వదు. చెప్తే ఒక భయం, చెప్పకపోతే ఇంకో భయం. రెంటిలో చిన్నది ఏదో తెలియలేదు.

పొద్దున్నే ఒక నిర్ణయానికి వచ్చింది. అంకుల్‌కి చెప్పేద్దాం. తనే చెప్తే, ముందే చెప్తే, అరుస్తాడు, తిడతాడు, ఆ తర్వాత ఏదో దారి చూపిస్తాడు. బేస్‌మెంట్‌లో పెట్టుకుని అన్నం పెట్టిన మనిషి. ధైర్యం అనుకుంటే అది ధైర్యం కాదు, బరువు ఇంకొకరి మీద పడేయాలన్న తహతహ. ఏదైతేనేం, కాళ్ళు ఆయన గది దాకా నడిచాయి.

"రామ్మా, కూర్చో. డికాషన్ దిగింది, కాఫీ కలుపుతా," అన్నాడు ధర్మారావు.

బల్ల మీద కాగితాల కట్ట అలాగే ఉంది. దేదీప్య దాన్ని చూడకుండా, గోడ మీద సంఘం క్యాలెండరు చూస్తూ చెప్పింది. "అంకుల్, నా లాట్‌లో కంటామినేషన్ ఉంది. రంగు వేరు వల్ల రావట్లేదు. బ్యాక్టీరియా విషం వల్ల వస్తోంది. దీపావళికి బకెట్లు బయట పెట్టాం కదా, అప్పుడు. నిన్న టెస్ట్ చేశాను."

ధర్మారావు కప్పులో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. "పాలిమిక్సిన్ వేశావా?"

ఆ పేరు తను ఇంకా అనలేదు.

"జనవరిలో నీ లాట్ బయట ల్యాబ్‌కి పంపించాను," అన్నాడు, కప్పు ఆమె ముందుకి జరుపుతూ. "వాళ్ళూ అదే అన్నారు. చక్కెర సరిపోయిందా చూడు."

దేదీప్య చూడలేదు. "మరి... మీరు చెప్పలేదు."

"చెప్తే నువ్వు కంగారు పడతావనే చెప్పలేదు. చూడమ్మా, ఇది నోట్లో వేసుకునే క్యాప్సూల్. సూదిమందు కాదు. మన పేగుల్లో ఇలాంటి బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. దీని వల్ల ఎవరికీ ఏమీ కాదు. ఒట్టు."

"ఏమీ కాదు, సరే. మేలు కూడా కాదు కదంకుల్. వాళ్ళు కాన్సర్ పేషెంట్లు. పనిచేస్తుందని నమ్మి మింగుతారు."

"నమ్మకమే సగం మందు." నవ్వాడు. "స్టడీ మొదలైతే పెట్టుబడి వస్తుంది. పెట్టుబడి వస్తే మంచి నీళ్ళ సిస్టమ్ పెట్టుకుంటాం, వేరును బాగా శుద్ధి చేస్తాం. అప్పుడు నిజంగానే పనిచేసేది తీస్తాం. ఒక ఏడాది ఓపిక పట్టాలి, అంతే."

"మరి వసుమతి అక్క? ఆవిడ లాట్ బాగానే ఉంది కదా. ఎందుకు తీసేస్తున్నారు?"

ఆయన ఆ ప్రశ్నకి మాత్రం కొంచెం విసుక్కున్నాడు, తెలివైన పిల్ల తెలిసిన లెక్క అడిగినట్టు. "బాగా ఉంది కాబట్టే. రెండో లాట్‌కి రంగు ఎందుకు రాలేదని కార్సన్ అడుగుతుంది. చేసిన మనిషికి చేతకాలేదు, తీసేశాం అంటే అక్కడితో ఆగుతుంది. మనిషి ఇక్కడే ఉంటే నేరుగా ఆవిడనే అడుగుతుంది. వసుమతి పొగరు నీకు తెలీదు, రుజువు చేసేదాకా నిద్రపోదు. ఆవిడకి భయం లేదమ్మా, మొగుడి కార్డు వచ్చేసింది."

అని, కాగితాల కట్ట దగ్గరికి లాక్కుని పెన్ను మూత తీశాడు. లాయర్ పసుపు చీటీలు అంటించిన చోటల్లా, ఒక్కొక్క పేజీ తిప్పి, ఎక్కడా తొందర లేకుండా సంతకాలు పెట్టాడు. చివరి పేజీ మీద సిరా ఆరడానికి ఊదాడు.

"రేపు కార్సన్ వెళ్ళాక నేనే స్వయంగా ఫెడెక్స్ కొరియర్‌లో వేస్తా. సరేనా? ఇక హాయిగా ఉండు. నువ్వు భయస్తురాలివి, అదే నీలో మంచి గుణం. భయం ఉన్నవాళ్ళు ఇంటిని నిలబెడతారు. కాఫీ తాగు, చల్లారిపోతుంది."

దేదీప్య కాఫీ తాగింది. తాగడం తప్ప ఏం చెయ్యాలో తెలియలేదు. ఇన్ని వారాలుగా ఏ సంతకం కోసం దేవుళ్ళందరికీ మొక్కిందో ఆ సంతకం కళ్ళ ముందు పడింది. పడగానే ఆమెకి ఇదివరకెన్నడూ లేనంత భయం వేసింది. తన మార్కులు చూసి తీసుకున్నాడనుకుంది, పని చూసి ఉంచుకున్నాడనుకుంది. ఆయన చూసింది తన భయాన్ని. చూసి, బేరం చేసి, కొనుక్కున్నాడు. ఇక జూన్ తర్వాత కూడా, ఆ తర్వాత వచ్చే ఏళ్ళన్నీ, ఆ భయం ఆయన సొత్తు.

శుక్రవారం డాక్టర్ కార్సన్ చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న పొడుగాటి మనిషి, బురద బూట్లు గుమ్మంలోనే విప్పి, ల్యాబ్ చెప్పులు అడిగి వేసుకుంది. ధర్మారావు ఆమెను వెంటబెట్టుకుని అన్నీ చూపిస్తున్నాడు. దేదీప్య పాత లాట్ ప్లేటు సిద్ధంగా పెట్టింది. అది ఒక్కటే పెట్టమన్నాడు, అది ఒక్కటే పెట్టింది. చుక్కల మందు పడగానే గుంటలు ఒక్కటొక్కటే గులాబీకి తిరిగాయి.

"ఎంత అందంగా ఉందో," అంది కార్సన్ ఇంగ్లీషులో. వంగి చాలాసేపు చూసింది. "నా పేషెంట్లు కీమో అయ్యాక మెట్లు కూడా ఎక్కలేరు. ఏదైనా ఇవ్వండి డాక్టర్ అంటారు. ఇన్నేళ్ళుగా నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఒకావిడ అయితే మొన్న నా చెయ్యి వదలనే లేదు."

"దీన్ని తీసింది ఈ అమ్మాయే," అన్నాడు ధర్మారావు, దేదీప్య భుజం తట్టి. "చాలా అదృష్టం ఉన్న చెయ్యి."

కార్సన్ ఆమెను చూసి నవ్వింది. దేదీప్య తిరిగి నవ్వింది. పెదాలు పళ్ళకి అంటుకుపోయాయి.

అప్పుడు లోపలి గదిలోంచి వసుమతి వచ్చింది. కోటు వేసుకుని, చేతిసంచీ భుజానికి తగిలించుకుని ఉంది. మధ్యాహ్నానికి వెళ్ళాల్సిన మనిషి, తన బల్ల తుడిచి, అరలు కడిగి, చేతికి దొరికిన పనల్లా చేసుకుంటూ ఆగిపోయినట్టుంది. ధర్మారావు మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. "మా దగ్గర పని మానేస్తున్నారు. ఇవాళే ఆఖరి రోజు," అని కార్సన్‌కి చెప్పాడు. కార్సన్ మర్యాదగా తల వంచింది.

వసుమతి వాళ్ళిద్దర్నీ పట్టించుకోకుండా నేరుగా దేదీప్య దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళొస్తానే. ఒక్కటి అడుగుతా, చెప్తావా? మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. మొదట్నించీ చివరిదాకా ఎన్నిసార్లు తల్చుకున్నా, నేనెక్కడ తప్పు చేశానో నాకు అందట్లేదు. సర్‌ని అడిగితే హస్తవాసి అంటారు. నీకు తెలిసే ఉంటుంది. నేను బాధపడతానని చెప్పట్లేదు నువ్వు. నేనేం అనుకోనే, చెప్పు. రేపు ఇంకెక్కడైనా చేరితే అదే తప్పు మళ్ళీ చెయ్యకుండా ఉంటా."

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు, అనుమానం లేదు. నిజంగానే నేర్చుకుందామని అడుగుతోంది. దేదీప్య చూపు ఆవిడ మొహం మీద నిలవలేక కిందికి జారింది. చెయ్యి మటుకు ఆవిడ చేతిలోనే ఉంది. వెచ్చగా, కడిగి కడిగి గరుకుదేలిన చెయ్యి.

"దేదీప్యా," అన్నాడు ధర్మారావు. అంతే అన్నాడు, చాలా మెత్తగా.

"మీరేం తప్పు చెయ్యలేదక్కా," అంది దేదీప్య. "మీది శుభ్రంగా ఉంది. అందుకే రంగు రాలేదు. నాది కుళ్ళిపోయిందక్కా. ఈ రంగు వేరుది కాదు, బ్యాక్టీరియాది. బుధవారం నేనే టెస్ట్ చేశాను. అంకుల్‌కి జనవరిలోనే తెలుసు."

వసుమతి చెయ్యి బిగుసుకుంది. ఆవిడ ధర్మారావు కేసి చూసింది, ప్లేటు కేసి చూసింది, మళ్ళీ దేదీప్యని చూసింది.

"ఏమైనా ఇబ్బందా?" అని కార్సన్ అడిగింది, ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూస్తూ. "ఏమంటోంది?"

ధర్మారావు తడుముకోలేదు. "అబ్బే, ఏం లేదు డాక్టర్. సెలవు తీసుకుంటున్నారు. కలిసి పనిచేశారు కదా, మావాళ్ళకి కాస్త సెంటిమెంట్ ఎక్కువ. రండి, కాంట్రాక్ట్ సంగతి నా గదిలో మాట్లాడుకుందాం."

కార్సన్ అర్థమైనట్టు తలూపింది. వసుమతికి ఆల్ ది బెస్ట్ చెప్పి, ప్లేటును ఇంకోసారి చూసి ధర్మారావు వెంట కదిలింది.

ఇక్కడితో ఊరుకోవచ్చు. దేదీప్యకి అది స్పష్టంగా కనిపించింది. అక్కకి తెలియాల్సింది తెలిసింది. అడిగినదానికి తను అబద్ధం చెప్పలేదు. తెలుగులో అన్న మాట తెలుగులోనే ఉండిపోతుంది, సాయంత్రానికి కవరు ఫెడెక్స్‌కి వెళ్తుంది. ఇంకో పది అడుగులు వేస్తే వాళ్ళు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటారు. బల్ల అంచు పట్టుకుంది. భయం ఎక్కడికీ పోలేదు.

"డాక్టర్ కార్సన్," అంది. ఆవిడకి వినపడలేదు. మళ్ళీ పిలిచింది. ఆవిడ వెనక్కి తిరిగాక, అక్కతో అన్నదంతా మొదట్నించీ ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది.